ఆఫీసుకి కావల్సిన చదువు ఎవరి ఆదివారంలో చదవాలి?

ఎగువకౌశిక | అంబాజీపేట దగ్గర

అందరికీ నమస్కారమండి. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో పదకొండేళ్ల నుంచి పనిచేస్తున్నాను. 2020లో లాక్‌డౌన్‌కి హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి ఇంటికొచ్చాను. తర్వాత కంపెనీ ఒప్పుకోవడంతో ఊళ్లోనే ఉండిపోయాను. ఒక విషయం చాలా రోజులుగా మనసులో నలుగుతోంది, ఇక్కడి పెద్దలూ తోటివాళ్లూ ఏమంటారో విందామని రాస్తున్నాను.

మా అప్లికేషన్ స్ప్రింగ్ బూట్ (జావా ప్రోగ్రాములకి సిద్ధంగా దొరికే చట్రం) 2.7 మీద నడుస్తోంది. ఆ వెర్షన్‌కి ఉచిత సపోర్టు 2023 నవంబరుతోనే అయిపోయింది. 3కి మారాలంటే కనీసం జావా 17 ఉండాలి. ఇంపోర్టుల్లో, అంటే వాడుకునే లైబ్రరీల పేర్లు రాసే వరసల్లో, జావాఎక్స్ అని ఉన్నవి జకార్తా అవ్వాలి, అదీ అన్నీ కాదు. సర్వ్‌లెట్, పెర్సిస్టెన్స్ అనే భాగాలవి మారాలి. జావాఎక్స్ ఎస్‌క్యూఎల్ మాత్రం జావాతోపాటే వచ్చే జేడీకేలోదే కాబట్టి ముట్టుకోకూడదు. గుడ్డిగా అన్నీ మార్చేస్తే కంపైల్ కూడా అవ్వదు. సెక్యూరిటీ సెట్టింగులు రాసుకునే పాత క్లాసునే తీసేశారు, ఆ భాగమంతా కొత్త పద్ధతిలో రాయాలి. కూర్చుని చదివితే తప్ప వచ్చేవి కావు ఇవి.

సంక్రాంతి సెలవులకి ముందు మా లీడ్ ఫోన్ చేసి "పండగల్లో ఓసారి చూసి పెట్టుకోండి, రాగానే కోడ్ మొదలెట్టేద్దాం" అన్నారు. మంచివారే, మర్యాదగానే అన్నారు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థం. మా ఊరి ప్రభ, వెదుళ్లతో కట్టి అలంకరించిన శివుడి ప్రభ, భుజాల మీద కౌశిక కాలువ దాటుతుంది. ఇంటర్ రోజుల నుంచి మోసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ రోజు మాత్రం అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మైగ్రేషన్ గైడ్ చదువుతున్నాను. నాన్న రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, ఏమీ అనలేదు. మూడోసారి మా బాబుని భుజానెక్కించుకుని వెళ్లిపోయారు. చేల మీదుగా "అశ్శరభ శరభ" వినబడుతూనే ఉంది. తెర మీద ఒకే పేరా నాలుగుసార్లు చదివాను.

ఏప్రిల్‌లో అప్రైజల్ వచ్చింది. "సొంతంగా నేర్చుకునే ఆసక్తి" అన్న గడిలో నాకు "సాధారణం" అని పెట్టారు, ఆ ఏడాది సర్టిఫికెట్టు ఏదీ చూపించలేదని. మరి ఆ మూడు రోజుల చదువు ఎవరి ఖాతాలో రాసినట్టండి?

---

పాలకొల్లు_కుర్రాడు | హైదరాబాద్, 19 ఏళ్ల అనుభవం

మీ కనుమ పోయినందుకు నాకూ బాధగానే ఉంది తమ్ముడూ. అయినా నాకు తెలిసిన నిజం చెప్తాను, కటువుగా ఉంటే ఏమనుకోకు.

అమీర్‌పేటలో ఒక గదిలో ఐదుగురం ఉండి కోర్సులు చదివినవాణ్ణి. ఉద్యోగం వచ్చాక కూడా రాత్రి భోజనం అయ్యాక రెండు గంటలు చదవడం మానలేదు. లైనక్స్, పైథాన్, తర్వాత డాకర్, కుబర్నెటీస్, వీటిలో ఒక్కటి కూడా నాకు ఏ ఆఫీసూ నేర్పలేదు. పైథాన్ 2కి 2020 జనవరి 1తో సపోర్టు ఆగిపోతుందని ఏళ్ల ముందే చెప్పారు. మా టీమ్‌లో "ప్రాజెక్టులో వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నవాళ్లే ఎక్కువ. తర్వాత మా ప్రాజెక్టు మూసేశారు. సొంతంగా నేర్చుకున్న ఇద్దరికి నెల తిరక్కుండా వేరేచోట దొరికింది. మిగతావాళ్లలో ఒకతను ఎనిమిది నెలలు ఇంట్లో ఉన్నాడు. ఆ ఎనిమిది నెలలూ అతని ఇంటి ఈఎంఐ ఎలా కట్టాడో నాకు తెలుసు, అందులో కొంత నేనే సర్దాను.

కంపెనీ నేర్పిందే నేర్చుకుంటే కంపెనీకి పనికొచ్చినంత కాలమే మన విలువ. చదువు మన సొంత ఆస్తి. ఆస్తి మనది అనుకున్నప్పుడు చాకిరీ కూడా మనమే చెయ్యాలి.

---

వశిష్ఠ_ఒడ్డు | నరసాపురం

పాలకొల్లు గారూ, మీరు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ రాత్రి భోజనం అయ్యాక మీకు రెండు గంటలు ఎలా మిగిలాయో ఒక్కసారి ఆలోచించండి. ఆ గిన్నెలు ఎవరు కడిగారు?

నేను టెస్టింగ్‌లో ఉన్నాను. పొద్దున్న 5 గంటలకి లేస్తాను. పాపకి క్యారేజీ, మావయ్య గారికి బీపీ మాత్ర, టిఫిను. స్కూలు వ్యాను 8:10కి వస్తుంది. 9:30కి స్టాండప్, రోజువారీ టీమ్ మీటింగు. సాయంత్రం అమెరికా వాళ్లతో కాల్ ఉంటే 9 దాటుతుంది. వంటింటి గట్టు తుడిచి, పాలు తోడు పెట్టి, పాపని పడుకోబెట్టి కూర్చునేసరికి 10:40. టెస్టింగ్ పనిముట్టు సెలీనియం నుంచి ప్లేరైట్‌కి మారుతున్నామనీ, "అందరూ వీకెండ్‌లో నేర్చేసుకోండి" అనీ గ్రూపులో మెసేజ్ పెట్టారు. పన్నెండు నిమిషాల వీడియో ఒకటి. వరసగా మూడు రాత్రులు పెట్టాను, మూడు రాత్రులూ ఐదో నిమిషానికే నిద్రపోయాను. నాలుగో రోజు ఆఫీసు టైములో, మధ్యాహ్నం కాల్ ఒకటి కేన్సిలైతే, అదే వీడియో చూసి గంటలో మొదటి టెస్టు రాశాను. నాకు తెలివి లేక కాదని అప్పుడు నమ్మకం కుదిరింది.

మా టీమ్‌లో పీజీ హాస్టల్లో ఉండే కుర్రాడు శని ఆదివారాలు కూర్చుని మొత్తం నేర్చేసుకున్నాడు. ప్రమోషన్ అతనికే వచ్చింది. అతని మీద నాకు కోపం లేదు, కష్టపడ్డాడు. నేనడిగేదల్లా, సొంత సమయంలో నేర్చుకోవడాన్ని కొలబద్దగా పెట్టినప్పుడు మీరు కొలుస్తున్నది ఆసక్తినా, ఇంట్లో పని చేసిపెట్టే మనిషి ఉండడాన్నా?

---

పాలకొల్లు_కుర్రాడు

అమ్మా, ఆ గిన్నెలు మా ఆవిడే కడిగింది. పెళ్లయిన ఈ పధ్నాలుగేళ్లలో ఆవిడకి చదువుకోవడానికి రెండు గంటలు నేను ఎప్పుడూ మిగల్చలేదు. ఆవిడ ఎంసీఏ చేసింది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

---

రావులపాలెం_వంతెన | డెలివరీ మేనేజరు

ఆ "వీకెండ్‌లో చూసుకోండి" అన్న మెసేజ్ పెట్టేవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి, అది ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్తాను.

సర్వీస్ కంపెనీల్లో గంటకింత అని క్లయింటుకి బిల్లు వేస్తాం. టైమ్‌షీట్‌లో ప్రతి గంటకీ ఒక కోడ్ ఉండాలి. డిజైను, కోడింగు, టెస్టింగు, మీటింగు, అన్నిటికీ కోడ్‌లు ఉన్నాయి. "నేర్చుకోవడం" అని రాస్తే అది బిల్లవ్వని గంట. బిల్లయిన గంటల శాతం పడిపోతే నన్ను పిలిచి అడుగుతారు. బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఉన్నవాళ్లకి ట్రైనింగు దొరుకుతుంది కానీ అక్కడ రేపటి భయం. అందరికన్నా ఎక్కువ నేర్చుకోవాల్సింది నడుస్తున్న ప్రాజెక్టులో ఉన్నవాళ్లే, వాళ్లకే చోటు లేదు. అందుకని ఆ బరువు నెమ్మదిగా ఇంటి వైపుకి జారుతుంది. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే ఇలా జరిగిపోతుంది.

నేను ఎందుకు మారానో కూడా చెప్తాను. మా కుర్రాడొకడు కాషింగ్ (ఒకసారి తెచ్చిన వివరాన్ని సర్వరు దగ్గరే దాచుకుని త్వరగా చూపించడం) గురించి ఆదివారం ఇంట్లో నేర్చుకున్నాడు. కంపెనీ కోడు సొంత ల్యాప్‌టాప్‌లోకి తీసుకెళ్లకూడదు కదా, అందుకని యూట్యూబ్‌లో చూపించిన చిన్న ఉదాహరణ మీద చేశాడు. అక్కడ బ్రహ్మాండంగా పనిచేసింది. సోమవారం మా సిస్టంలో పెట్టాడు. మా దాంట్లో నాలుగు సర్వర్లు, అతని ఉదాహరణలో ఒక్కటే. ఒక సర్వరు దగ్గర కొత్త ధర, మిగతా మూడింటి దగ్గర పాత ధర. కస్టమరు పేజీ తిప్పిన ప్రతిసారీ ధర మారుతోంది. మేం గమనించేసరికి మధ్యాహ్నం అయింది. కుర్రాడు వణికిపోయాడు. ఆ రాత్రి అతనితో మాట్లాడుతుంటే నాకర్థమైంది, నేర్చుకోవాల్సినదాంట్లో సగం మన సిస్టంలోనే ఉంది. అది ఇంట్లో దొరకదు. పక్కన అనుభవం ఉన్నవాళ్లు కూర్చుని "ఇక్కడ నాలుగు సర్వర్లున్నాయి జాగ్రత్త" అని చెప్పాలి, అది ఆఫీసు టైములో తప్ప జరగదు.

అప్పటి నుంచి ఎస్టిమేటు వేసేటప్పుడే ఆ గంటలు కలుపుతున్నాను. స్పైక్ (అసలు పనికి ముందు పరిశీలించి నేర్చుకునే పని) అని ఒక టికెట్ పెట్టి, దానికి గంటలు ఇన్నని ముందే కట్టుబడి, చివర్లో ఒక పేజీ నోట్సు రాయమంటాను. మొదట్లో క్లయింటు అడిగాడు. "మీ సిస్టం మీద ప్రయోగాలు చెయ్యకుండా ఉండటానికి పెట్టే ఖర్చిది" అని చెప్పాను, సరే అన్నాడు. అన్ని చోట్లా ఒప్పుకోరు. నాకు మూడింట రెండు ప్రాజెక్టుల్లో ఒప్పుకున్నారు.

---

లాకుల_దగ్గర | ధవళేశ్వరం

నేను ఇరిగేషన్‌లో చేసి రిటైరైనవాణ్ణి బాబూ. మా అమ్మాయి మీ లైన్లోనే ఉంది, అది చూపిస్తే చదివాను. కంప్యూటర్ల సంగతి నాకు తెలియదు గానీ కాలువల సంగతి చెప్తాను.

ఆనకట్ట కింద డెల్టా పది లక్షల ఎకరాల ఆయకట్టు. సార్వా, దాళ్వా రెండు పంటలకీ నీళ్లు వెళ్లాలి. అంత పని ఉన్నా ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తాం. నీళ్లు దిగాక చూడాలి కాలువ అసలు రూపు. అడుగున పూడిక, గట్ల వెంట తూడు, వంతెన కానాల్లో గుర్రపుడెక్క చాపలా అల్లుకుని ఉంటుంది. లాకు తలుపులకి తుప్పు గీకి రంగు వెయ్యాలి, షట్టర్లకి గ్రీజు పెట్టాలి, గండి పడేలా ఉన్న చోట గట్టు బలం చెయ్యాలి. నీళ్లు పారుతుంటే వీటిలో ఏదీ కుదరదు. జూన్‌లో నీళ్లు వదిలేలోపు అయిపోవాలి.

నా సర్వీసులో ఏ ఇంజనీరూ కాలువ పనివాళ్లయిన లష్కర్లని పిలిచి "మీ ఇంటి పనులయ్యాక రాత్రి వచ్చి పూడిక తియ్యండి" అనలేదు. క్లోజర్ అనేది కాలువ పనిలో భాగం. రైతు కూడా అడ్డు చెప్పడు, ఎందుకంటే అతనికి తెలుసు. దాళ్వా ఆలస్యమై క్లోజర్ రోజులు తగ్గిపోయిన ఏడు పైనున్న చేలకేం కాదు, నీళ్లు వస్తూనే ఉంటాయి. శివారు భూములు ఎండుతాయి. మా అమ్మాయి పన్నెండు గంటలు పనిచేసి మళ్లీ చదువుకోవడానికి కూర్చుంటే నాకు ఆ శివారు చేలే గుర్తొస్తాయి.

---

పాలకొల్లు_కుర్రాడు

బాబాయ్ గారూ, మీ మాట మనసుకి తగిలింది. ఒక్క తేడా మాత్రం ఉందండి. కాలువ ఎక్కడికీ పోదు, అది డిపార్టుమెంటుదే, బాగు చేసుకున్న ఫలితం డిపార్టుమెంటుకే. నేను నేర్చుకున్నది నాతోపాటు ఇంకో కంపెనీకి వెళ్లిపోతుంది. అందుకే యజమాని పెట్టుబడి పెట్టడానికి జంకుతాడు. దాన్ని తప్పు పట్టలేం.

---

వశిష్ఠ_ఒడ్డు

జంకితే జంకనివ్వండి, కానీ ప్లేరైట్‌కి మారాలన్న నిర్ణయం నాది కాదు. ఆ నిర్ణయం వల్ల మిగిలే టైము, డబ్బూ కంపెనీకి మిగులుతాయి. దానికి అయ్యే చదువు ఖర్చు కూడా ఆ నిర్ణయంలోనే ఉండాలి కదా. ఇంట్లో కొత్త గ్యాస్ స్టవ్ కొంటే రెగ్యులేటరు ఖర్చు పక్కింటివాళ్ల చేత కట్టించం.

---

తణుకు_నుంచి_బెర్లిన్

ఇక్కడి పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో చదువు సెలవు అని ఏడాదికి 5 రోజులు జీతంతో తీసుకోవచ్చు. కోర్సు ఫీజు మనదే, రోజులు మాత్రం కంపెనీవి. నేను నిరుడు తీసుకుని డేటాబేస్ ఇంటర్నల్స్ మీద కోర్సు చేశాను. యూరోపియన్ యూనియన్‌లో 2019 నాటి నిబంధన ఇంకోటి ఉంది. చట్టం ప్రకారమో సామూహిక ఒప్పందం ప్రకారమో యజమాని తప్పనిసరిగా ఇవ్వాల్సిన శిక్షణ అయితే, అది ఉచితంగా ఇవ్వాలి, పనిగంటల్లో లెక్కపెట్టాలి, వీలైతే పనివేళల్లోనే జరగాలి.

అలాగని ఇక్కడ అందరూ వాడుకుంటారని కాదు. నా టీమ్‌లో సగం మంది ఆ 5 రోజులూ అడగనే అడగరు.

---

గౌతమి_గాలి | న్యూజెర్సీ, సొంతూరు యానాం

అమెరికాలో కార్మిక చట్టం కింద శిక్షణ సమయాన్ని పనిగా లెక్కపెట్టకుండా వదిలెయ్యాలంటే నాలుగూ ఉండాలి: పనివేళల బయట జరగాలి, ఇష్టపూర్వకంగా ఉండాలి, ఉద్యోగానికి సూటిగా సంబంధం లేనిదై ఉండాలి, ఆ టైములో కంపెనీ పనేదీ చెయ్యకూడదు. ఎగువకౌశిక గారి కనుమ చదువు ఈ తూకంలో మూడో దగ్గరే ఆగిపోతుంది. అయితే నెల జీతం మీద ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్లని ఓవర్‌టైము నియమాల నుంచి చాలావరకు మినహాయించారు, కాబట్టి మాకు అది అక్షరాలా వర్తించదు. కానీ ఆ నాలుగు ప్రశ్నలూ బాగుంటాయి. నేను ఏది నేర్చుకోబోయే ముందైనా వేసుకుంటాను.

---

బళ్లో_టీచరు | అమలాపురం

మాకు 2020 జాతీయ విద్యా విధానంలో టీచరు ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ పొందాలని రాశారు. గంటలు రాసినంత మాత్రాన చదువు వచ్చెయ్యదని మాత్రం నా అనుభవంతో చెప్తున్నాను. సంతకం పెట్టి వెనక బెంచీలో కూర్చుని సాయంత్రం వచ్చేసిన శిక్షణలు నేనూ చూశాను. నాకు నిజంగా ఉపయోగపడింది ఒక్కటే. మా బళ్లోనే ఇంకో టీచరమ్మ నా క్లాసు వెనక కూర్చుని, భిన్నాలు చెప్పేటప్పుడు పిల్లలు ఎక్కడ తప్పిపోతున్నారో రాసి చూపించారు. రావులపాలెం గారు చెప్పిన "పక్కన కూర్చోవడం" అన్న మాట అందుకే నచ్చింది. గంటలు అడగండి, వాటితోపాటు పక్కన కూర్చునే మనిషినీ అడగండి.

---

సూరంపాలెం_బ్యాచ్ | ఫైనలియర్

అన్నయ్యలూ అక్కలూ, మాకింకా ఉద్యోగమే లేదు. ఇంటర్వ్యూలో, కోడు పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లో ఏం చేశావని అడుగుతున్నారు. నాన్న రొయ్యల చెరువు దగ్గర మేత వేస్తారు, రాత్రి నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల కాపలాకి వారంలో మూడు రోజులు నేను వెళ్తాను. అక్కడే ఫోన్లో ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) పాఠాలు వింటున్నాను. చూడటం ఉచితం, సర్టిఫికెట్టు కావాలంటేనే పరీక్ష ఫీజు. మాలాంటి వాళ్లకి అన్నీ సొంత సమయమే కదా. ఇదంతా దండగేనా?

---

పాలకొల్లు_కుర్రాడు

దండగ కాదు నాన్నా. నువ్వు ఎవరి పనికోసమో చదవడం లేదు, నీకోసం చదువుతున్నావు. చెరువు గట్టు మీద చదివింది నిన్నెవరూ తీసేసుకోలేరు. గిట్‌హబ్‌లో పది కాపీ ప్రాజెక్టులు పెట్టకు. ఏరియేటర్ ఆగిపోతే నీ ఫోను మోగేలా ఒక్కటి చెయ్యి, సెన్సరు ఖర్చు వందల్లోనే అయిపోతుంది. ఇంటర్వ్యూలో నువ్వు దాని గురించి మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. నాకు మెసేజ్ పెట్టు, కోడు చూసిపెడతాను.

ఎగువకౌశిక తమ్ముడికి ఒక్క ప్రశ్న. నువ్వు మాత్రం సొంత టైములో ఏమీ నేర్చుకోవా?

---

ఎగువకౌశిక

నేర్చుకుంటానండి, ఇష్టంగా నేర్చుకుంటాను. పాలకొల్లు గారి సెన్సరు మాటకి నవ్వొచ్చింది, సంతోషంతో. మా కొబ్బరితోటలో బోరు మోటారుకి త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక నాన్న చీకట్లో టార్చి పట్టుకుని వెళ్లేవారు. పోయినేడు ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి తెప్పించి, మూడు ఫేజులూ ఉన్నాయో లేవో చూసి ఫోనుకి మెసేజ్ పంపేలా చేశాను. సీ భాష కాలేజీలో వదిలేసింది, మళ్లీ మొదటి నుంచీ నేర్చుకున్నాను. స్టార్టర్ పెట్టెలో బల్లి దూరి ఒకసారి, వానకి తడిసి ఒకసారి పాడైంది. ఆరు వారాల రాత్రులు పట్టింది. ఆ రాత్రుల్లో ఒక్క గంట కూడా ఎవరో నా దగ్గర లాక్కున్నట్టు అనిపించలేదు. మొదటి మెసేజ్ తెల్లారుజాము 3:20కి వచ్చింది. నాన్న లేచి ఫోను చూసుకుని, టార్చి తీసుకోకుండా వెళ్లారు.

కనుమ నాటి చదువుకీ దీనికీ ఉన్న తేడా మీ అందరి మాటలూ చదివాక కళ్లకి కట్టింది. నాకు కావాలని నేను వెళ్లింది నాది. వాళ్లకి కావాలని నన్ను పంపింది వాళ్ల పని. పాలకొల్లు గారు అన్నట్టు రేపటి మార్కెట్ కోసం నేర్చుకునేది మధ్యలో ఉంటుంది, దానికి నా వాటా గంటలు నేను పెడతాను, ఒప్పుకుంటున్నాను. కానీ స్ప్రింగ్ బూట్ 3 మధ్యలోది కాదు.

రావులపాలెం గారి పద్ధతిలో మా లీడ్‌తో మాట్లాడాను. గట్టిగా ఏమీ అనలేదు. మిగిలిన రెండు మాడ్యూళ్లకి ఎస్టిమేటు వేసి, చదువు గంటలు విడిగా చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనూ పండగల్లోనే చదివానండి, నన్నూ ఎవరూ అడగలేదు" అన్నారు. పదహారు గంటలు అడిగితే పన్నెండు ఇచ్చారు. గడిలో "సాధారణం" అలాగే ఉంది, అది మారదట.

---

వశిష్ఠ_ఒడ్డు

ఆ టికెట్‌లో మాటలు ఎలా రాశారో పెట్టగలరా? మా టీమ్‌లో అడగాలనుకుంటున్నాను. ఇంగ్లీషులో నేను మార్చుకుంటాను.

---

ఎగువకౌశిక

తప్పకుండానండి. తెలుగులో చెప్పాలంటే ఇదీ:

"పని: చెల్లింపుల మాడ్యూలుని స్ప్రింగ్ బూట్ 3కి మార్చే ముందు పరిశీలన. సమయం: 12 గంటలు, బుధ, గురువారాలు, పనివేళల్లో. తెలుసుకోవాల్సినవి: ఏయే ఇంపోర్టులు మారాలి, ఏవి మారకూడదు, సెక్యూరిటీ సెట్టింగులు కొత్త పద్ధతిలో రాస్తే లాగిన్ ఎక్కడ తెగుతుంది, మనం వాడే బయటి లైబ్రరీల్లో జకార్తాకి మారనివి ఎన్ని. ఎవరితో: పాత సెక్యూరిటీ కోడు రాసినవారు గురువారం రెండు గంటలు పక్కన కూర్చోవాలి. చివర్లో ఇచ్చేది: ఒక పేజీ నోట్సు, ఒక చిన్న సర్వీసు మార్చి చూపించడం. ఇది చెయ్యకపోతే: అసలు పనికి వేసిన రోజులు నమ్మదగ్గవి కావు."

టీచరు గారు చెప్పాక "పక్కన కూర్చోవాలి" అన్న లైను కలిపాను. మీది ఒప్పుకుంటే ఇక్కడ రాయండి, ఎన్ని గంటలిచ్చారో కూడా.

---

వశిష్ఠ_ఒడ్డు

సోమవారం అడిగాను. ఎనిమిది గంటలు ఇచ్చారు, మంగళవారాలు 2 నుంచి 4. ఈ నెలంతా.